ఎడారిలో పచ్చిరొయ్యలు

మా ఆఫీసులో ఒక గుంటూరు కుర్రాడున్నాడు. అమెరికాలో, అరిజోనా రాష్ట్రపు ఎడారిలో, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌కి కొత్తగా వచ్చాడు. మొన్న జులైలో బయట 46 డిగ్రీల ఎండ కాస్తుండగా "రా, రొయ్యలు తినొద్దాం" అని కారెక్కించుకుని ఫీనిక్స్ తీసుకెళ్లాను. టైర్ల కొట్టుకీ బట్టలుతుక్కునే కాయిన్ లాండ్రీకీ మధ్య ఇరుక్కున్న చిన్న హోటలది. గోడ నిండా నీలం రంగు సముద్రం, అందులో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్న రొయ్య. తలుపు తియ్యగానే బాకాల మోత. కుర్రాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అన్నా, ఇక్కడికి సముద్రం ఎంత దూరం?"

"దగ్గరి ఒడ్డుకి నాలుగ్గంటలు. మధ్యలో బోర్డరు."

"మరి ఎడారిలో రొయ్యలేంటన్నా? అదీ పచ్చివా?"

ఆ పూట వాడు వెల్లుల్లి వేసి వేయించిన రొయ్యలూ అన్నమూ తిని, నా పళ్లెం వంక అనుమానంగా చూసి బయటపడ్డాడు. వాడికి జవాబు అక్కడే చెప్పాల్సింది. నోట్లో రొయ్య ఉండి కుదర్లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. వాడొక్కడి కోసమే కాదు. పన్నెండేళ్లలో నేను ఈ హోటళ్లకి లాక్కెళ్లిన తెలుగువాళ్లలో నూటికి ఎనభై మంది అడిగిన ప్రశ్నే అది.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. హైదరాబాదుకి సముద్రం ఎంత దూరం? వారాంతంలో అందరూ పరిగెత్తే బాపట్ల సూర్యలంక ఒడ్డు మూడొందల కిలోమీటర్లు దాటుతుంది. ఫీనిక్స్ నుంచి మెక్సికోలోని ప్వెర్తో పెన్యాస్కో ఒడ్డు 340 కిలోమీటర్లు. ఇంచుమించు అదే దూరం. కూకట్‌పల్లిలో "నెల్లూరు చేపల పులుసు" బోర్డు కింద నిలబడి "ఈ చేపకి నెల్లూరు ఎంత దూరం?" అని అడిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు. అడిగితే అసలు గుట్టు బయటపడుతుంది. ఆ పులుసులో ముక్క చాలాసార్లు కైకలూరు వైపు చెరువులో పెరిగిన బొచ్చో శీలావతో అయ్యుంటుంది. సముద్రం ముఖం చూసి ఎరగదు. అయినా అది నెల్లూరు పులుసే. ఎందుకంటే మామిడికాయ ముక్క ఎప్పుడు పడాలో, పులుసు ఏ పూట వండి ఏ పూట తినాలో తెలిసినవాళ్లు వండారు.

నాది భీమవరం పక్క పల్లె. మాకు సముద్రం పెద్ద దూరమేం కాదు, కానీ మా ఇంట్లో నేను తిన్న రొయ్య ఏదీ సముద్రంలోంచి రాలేదు. అంతా చెరువే. ఇక గోదారోళ్లం ప్రాణం పెట్టే పులస సంగతి చెప్పక్కర్లేదు. సముద్రంలో ఉన్నన్నాళ్లూ దాన్ని విలస అంటారు, ఎవడూ పట్టించుకోడు. వరద నీటికి ఎదురీది గోదారెక్కాక అదే పులస. పుస్తెలమ్మైనా తినాలన్న సామెత ఆ సముద్రం వదిలేసి వచ్చిన చేప గురించే. ఇంత తెలిసినవాళ్లం, అరిజోనా వచ్చేసరికి చేపకి ఒడ్డు పక్కనే ఉండాలని పట్టుబడతాం.

మరీస్కోస్ అంటే స్పానిష్‌లో గుల్లచేపలు, రొయ్యలు, పీతల జాతి. వాడుకలో ఆ తిండి అమ్మే హోటల్ని కూడా అదే పేరుతో పిలుస్తారు. ఫీనిక్స్‌లో ఇవి మెక్‌డవెల్ రోడ్డు మీదా, 16వ వీధిలోనూ, పడమటి వైపు మేరీవేల్ పేటలోనూ కనిపిస్తాయి. పేర్లన్నీ ఒడ్డు పేర్లే. 16వ వీధిలో ఉన్నదాని పేరు ప్లాయా ఎర్మోసా, అంటే అందమైన బీచి. మెక్‌డవెల్ మీద ఉన్నది శాన్ కార్లోస్ బే, గ్వాయ్మస్ రేవు పక్కనున్న ఊరి పేరు. కూకట్‌పల్లిలో నెల్లూరు, భీమవరం, రాజుగారు అని బోర్డులున్నట్టే.

ఈ తిండి తెచ్చినవాళ్లు ఎక్కువగా మెక్సికోలోని సొనోరా, సినలోవా రాష్ట్రాలవాళ్లు. సొనోరాకీ అరిజోనాకీ మధ్య ఉన్నది గీత మాత్రమే. అటూ ఇటూ అదే ఎడారి, అవే సగ్వారో జెముళ్లు. కిందకి వెళ్తే సినలోవా, కాలిఫోర్నియా సింధుశాఖ పొడవునా పరుచుకున్న పొలాలూ రొయ్యల రేవులూ. దాని రాజధాని కులియకాన్. నాకు ఈ వాదనలో దొరికిన అసలు పట్టు ఆ ఊరే. కులియకాన్ ఒడ్డున లేదు. అల్తాతా అనే రేవుకి వెళ్లాలంటే అక్కణ్నుంచి దాదాపు గంట ప్రయాణం. సొనోరా రాజధాని ఎర్మొసీయొ కూడా అంతే, బీచికెళ్లాలంటే గంట పైన పడుతుంది. రెండూ మండిపోయే ఊళ్లు. ఆ ఊళ్ల వీధి చివర్లలో పొద్దున్నే తోపుడుబళ్లు వస్తాయి. మంచు పెట్టె, నిమ్మకాయల బుట్ట, రొయ్యలు, గుల్లలు, దోసకాయలు, ఉల్లిపాయలు. మధ్యాహ్నం మూడింటికల్లా సరుకైపోయి బండి కట్టేస్తారు. అంటే మరీస్కోస్ పుట్టి పెరిగింది కొబ్బరిచెట్ల కింద ఇసుకలో కాదు. ఒడ్డుకి కాస్త లోపల, ఎండలో, రోడ్డు పక్కన. ఫీనిక్స్‌కి వచ్చినప్పుడు దానికి పెద్ద మార్పేమీ తెలిసుండదు. ఎండ ఒకటే, రోడ్డు కాస్త వెడల్పు.

ఇంకా లోపలికెళ్తే మెక్సికో సిటీ ఉంది. సముద్ర మట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, నాలుగు వైపులా కొండల మధ్య. ప్రపంచంలోని అతి పెద్ద చేపల మార్కెట్లలో ఒకటైన లా నువేవా వీగా ఆ ఊళ్లోనే ఉంది. దేశం రెండు తీరాల సరుకూ అక్కడికెక్కి, అక్కణ్నుంచి తిరిగి ఊళ్లకి దిగుతుంది. ఒడ్డు మీదున్న కొన్ని ఊళ్లకి చేప అక్కణ్నుంచే వెళ్తుందని విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత, మా ఊరి రొయ్య మా ఊరివాడికి దొరక్క విశాఖ కోల్డ్ స్టోరేజీకి పోయే సంగతి గుర్తొచ్చి నవ్వాగిపోయింది.

ఇప్పుడు అగ్వాచీలె. ఈ హోటళ్లలో నేను వెళ్లేది దీనికోసమే, మిగతావన్నీ నాకు తోడు పెళ్లికూతుళ్లు.

మన వైపు పచ్చిరొయ్యలంటే ఎండురొయ్యలు కానివని అర్థం. ఇక్కడవి నిజంగానే పచ్చివి. రొయ్యని పొట్టు తీసి, వీపున చీల్చి విప్పి, పళ్లెంలో పరుస్తారు. నిమ్మకాయ రసం, ఉప్పు, చిల్తెపీన్ మిరప నూరిన నీళ్లు పైన పోస్తారు. చక్రాలుగా తరిగిన కీరదోస, ఎర్ర ఉల్లిపాయ. కొందరు ఎండుమిరప బదులు పచ్చిమిరపా కొత్తిమీరా కలిపి నూరి ఆకుపచ్చగా చేస్తారు. పక్కన కరకరలాడే మొక్కజొన్న అప్పాలు, టోస్టాడాలు. సెవిచె అనే ఇంకో వంటకంలో చేప నిమ్మరసంలో నాని తెల్లబడేదాకా ఆగుతారు. ఇందులో ఆగరు. రసం పోసిన వెంటనే బల్ల మీదకొస్తుంది. అంచులు తెల్లగా ముడుచుకుంటుంటే, లోపల ఇంకా గాజులా ఉంటుంది. మొదటి ముద్దలో చలవ, తర్వాత పులుపు, ఆ తర్వాత రొయ్య తీపి. ఇవన్నీ అయిపోయాయనుకున్నాక చిల్తెపీన్ లేస్తుంది. మిరియపు గింజంత ఉండే అడవి మిరప అది. సొనోరా కొండల్లో, దక్షిణ అరిజోనాలోనూ దానంతటదే మొలుస్తుంది. మన గుంటూరు కారంలా గొంతులో కూర్చోదు. భగ్గున మండి, రెండు నిమిషాల్లో ఆనవాలు లేకుండా పోతుంది. అందుకే ఇంకో ముద్ద తింటాం.

అగ్వాచీలె అంటే మిరపనీళ్లు. పేరులో రొయ్య లేదు, గమనించారా? సినలోవావాళ్లు చెప్పే కథ ప్రకారం ఇది మొదట ఒడ్డు వంటే కాదు. లోపలి కొండ పల్లెల్లో ఎండబెట్టిన గొడ్డుమాంసం మీద చిల్తెపీన్ వేసి మరిగించిన నీళ్లు పోసుకుని తినేవాళ్లట. ఆ మిరపనీళ్లు కిందకి దిగి ఒడ్డు చేరాక మాంసం బదులు రొయ్య వచ్చింది. కథ నిజమైతే, సముద్రం లేనిచోట ఈ వంటకేం పని అని అడగడం, గోదారి లేనిచోట పూతరేకులకేం పని అని అడగడం లాంటిది.

ఎండ గురించి ఒక మాట. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. రెంటచింతలలో పుట్టినవాడు కూడా దండం పెట్టే ఎండ. అలాంటప్పుడు బిర్యానీ తిన్నవాడి మధ్యాహ్నం ఎలా ఉంటుందో నాకు అనుభవమే. మనకి ఎండకి విరుగుడు చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. అంటే చల్లన, పులుపు, ఉప్పు, కారం. అగ్వాచీలె పళ్లెంలో లెక్క కూడా అదే నాలుగు. సముద్రం పక్కన గాలి చల్లగా వీస్తుంటే దీని అవసరం అంతగా తెలియదు. పెన్యాస్కో ఒడ్డున కూర్చుని తిన్నాను, బాగానే ఉంది. మెక్‌డవెల్ రోడ్డు మీద, కారు స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి కాలిన రోజున తిన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఈ హోటళ్లలో రొయ్యలు, ఆక్టోపస్, గుల్లలు అన్నీ కలిపి పెద్ద గాజు గ్లాసులో ఇచ్చే ఒక దాని పేరే "వ్వెల్వె అ లా వీదా", మళ్లీ బతికిరా అని. ఆదివారం మధ్యాహ్నం దాని ముందు తలొంచుకు కూర్చున్న మగాళ్లని చూస్తే, శనివారం రాత్రి ఎలా గడిచిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక "తాజా" అన్న మాట దగ్గరకొద్దాం. గొడవంతా అక్కడే ఉంది.

చెరువు గట్టు మీద పెరిగినవాణ్ని కాబట్టి ఇందులో నాకు కొంచెం అధికారం ఉందనుకుంటాను. పట్టుబడి రోజున మా మావయ్య పడే కంగారు వల గురించి కాదు, ఐసు గురించి. తెల్లవారుజామున వల లాగడం, బుట్టల్లోంచి నేరుగా ఐసు నీళ్లలోకి, అక్కణ్నుంచి వ్యానుకి. ఐసు లారీ అరగంట ఆలస్యమైతే ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండదు. చచ్చిన రొయ్యకి ఎండ తగిలిన ప్రతి పావుగంటా లెక్కే. తల దగ్గర నల్లబడుతుంది, కండ మెత్తబడుతుంది. ఆ గంటలు దాటి గడ్డకట్టించాక మాత్రం నెల్లాళ్లయినా పెద్ద తేడా రాదు. అంటే రొయ్య చెడేది కిలోమీటర్లలో కాదు, ఐసు లేని నిమిషాల్లో. చెరువు గట్టు పక్కన సంతలో గోనెపట్టా మీద మధ్యాహ్నం దాకా పోసి పెట్టిన రొయ్య కన్నా, పట్టిన పూటే గడ్డకట్టించి వేల కిలోమీటర్లు తెచ్చినదే నాకు నమ్మకం. మా ఊళ్లో ఈ మాటంటే కొడతారేమో కానీ నిజం.

పచ్చిగా తినే చేప విషయంలో ఇంకో మెలిక ఉంది. నిమ్మరసం చేప కండని తెల్లగా గట్టిపరుస్తుంది, చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది. దాంతో పురుగులూ సూక్ష్మజీవులూ చావవు. చేపలో పరాన్నజీవులు చావాలంటే మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచాలని అమెరికా ఆహార నియమాలు చెబుతాయి, లేదా మైనస్ 35లో గడ్డకట్టించి 15 గంటలు. కాబట్టి పచ్చిగా వడ్డించే చాలా రకాల చేపలకి "ఎప్పుడూ ఫ్రీజ్ చెయ్యలేదు" అనేది గొప్ప చెప్పుకునే మాట కాదు. గడ్డకట్టడం వల్ల చావని విబ్రియో లాంటి బాక్టీరియా కూడా ఉంటాయి. అందుకే కడుపుతో ఉన్నవాళ్లూ, కాలేయం జబ్బున్నవాళ్లూ పచ్చివి ముట్టుకోకూడదు. మా ఆవిడ రెండో కాన్పు అప్పుడు ఏడాది పాటు నేనొక్కణ్నే వెళ్లి, ఒక్కణ్నే తిని, ఇంటికొచ్చి మాటలు పడ్డాను.

మరి ఏ హోటల్ని నమ్మాలి? నాకు ఒకటే కొలత, రద్దీ. ఆదివారం ఒంటిగంటకి వెళ్లండి. నాన్నమ్మలు, చంటిపిల్లలు, పని బూట్లతో వచ్చిన కుర్రాళ్లు బల్లలన్నీ నింపేసి, మీరు బయట నీడ కోసం గోడకి అతుక్కుని అరగంట నిలబడాల్సొస్తే అది మంచి హోటలు. సరుకు పొద్దున్నది సాయంత్రానికి మిగలదు. ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాస కాలంలో శుక్రవారాలు ఇంకా రద్దీ, క్యాథలిక్కులు ఆ రోజు మాంసం మానేస్తారు. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఖాళీ హోటల్లో అగ్వాచీలె తెమ్మని, తర్వాత కడుపు పట్టుకుని ఎడారిని తిట్టకండి.

అన్నీ గొప్పవని చెప్పడానికి నేనేం వాళ్ల తరఫున ప్రచారానికి రాలేదు. రొయ్యల కాక్‌టెయిల్ కొన్నిచోట్ల టమాటా కెచప్ పానకంలా ఉంటుంది. ఈ మధ్య టవర్లనొకటి వచ్చింది, గొట్టంలో పొరలు పొరలుగా కూరి బల్ల మీద గొట్టం లాగేస్తారు, గోపురం నిలబడుతుంది, అందరూ ఫోన్లు తీస్తారు. ఫోటో అయ్యాక అది కూలిపోయి అన్ని రుచులూ ఒకటే రుచి. మీగడ సాస్, జున్ను పోసిన రొయ్యలు నాకు ఎక్కవు. అయితే జున్నూ రొయ్యా కలిసిన టాకో గొబెర్నదోర్‌ని మాత్రం వదలను. అప్పటి సినలోవా గవర్నరు ఫ్రాన్సిస్కో లబస్తీదా కోసం మసత్లాన్‌లో లాస్ ఆర్కోస్ అనే హోటల్లో పుట్టిందని చెబుతారు. పెద్దాయన కోసం వండింది కాబట్టి జున్ను క్షమించాను. చేపని వీపున చీల్చి పుస్తకంలా విప్పి నిప్పుల మీద కాల్చే సరాందెయాదొ నయారిత్ రాష్ట్రానిది. నలుగురు వెళ్తేనే తెప్పించాలి, ఒక్కడు తినేది కాదు. ఈ హోటళ్లలో వాడే నల్ల సాస్‌లో సోయా, వూస్టర్‌షైర్‌తో పాటు మ్యాగీ ఉంటుంది. కంగారు పడకండి, నూడుల్స్ కాదు, మెక్సికోలో మ్యాగీ అంటే చిన్న సీసాలో వచ్చే నల్లటి రసం.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడాలి.

ఆ గుంటూరు కుర్రాడు, నేను, ఇంకో నలుగురం కలిసి అంతకు నెల ముందే ఒక సుషీ హోటల్లో టీమ్ డిన్నరు చేశాం. మసక దీపాలు, నల్ల పలకలు, మూడు రెట్లు బిల్లు. పచ్చి ట్యూనా, పచ్చి సాల్మన్. ఒక్కడు కూడా "సముద్రం ఎంత దూరం?" అనలేదు. ఫీనిక్స్ నుంచి జపాను ఎంత దూరమో తెలియక కాదు. అక్కడి చేప కూడా చాలావరకు గడ్డకట్టే వచ్చుంటుంది, అదే హైవే మీద వచ్చుంటుంది. టైర్ల కొట్టు పక్కకొచ్చేసరికి మాత్రం వరసగా ప్రశ్నలు. నీట్‌గా ఉంటుందా? హైజీన్ ఎలా? కౌంటీ తనిఖీవాళ్లు రెండు చోట్లకీ ఒకే ఫారం పట్టుకుని వెళ్తారు, ఫలితాలు ఎవరైనా చూసుకోవచ్చు. ఆ అనుమానం చేప మీద కాదని నాకు ఎప్పుడో అర్థమైంది. పక్క బల్ల మీద ఎవరు కూర్చున్నారు, వాళ్ల బూట్లకి సిమెంటు ఉందా లేదా, గోడ మీద రొయ్య కళ్లద్దాలు పెట్టుకుందా లేదా, వాటి మీద. ఇండియాలో రోడ్డు పక్క బండి దగ్గర పునుగులు తిని పెరిగిన మనం ఈ దేశంలో ఎప్పుడు ఇంత సున్నితమైపోయామో నాకు తెలియదు. నేనూ మొదటి రెండేళ్లు అంతే. మా అపార్టుమెంటుకి రెండు వీధుల అవతల మరీస్కోస్ బండి ఉంటే, కిటికీ ఎక్కించుకుని ముందు నుంచి పోయేవాణ్ని. అప్పుడు మనసులో అనుకున్న మాటలు ఇక్కడ రాయలేను.

నా కళ్లు పూర్తిగా తెరిపించింది ఒక పెట్టె. మా ఇంట్లో పుట్టినరోజు వంటలకని టోకు సరుకుల కొట్టుకి వెళ్లాను. ఫ్రీజరు ముందు, నేను తరచూ వెళ్లే మరీస్కోస్ హోటలు వంటమనిషి పెట్టెలు దింపుకుంటున్నాడు. పలకరించుకున్నాం. పెట్టె మీద చూస్తే "ఇండియా ఉత్పత్తి". ఆ హోటలు మెనూలో మాత్రం గ్వాయ్మస్ రొయ్యలని ఉంది. అమెరికాలో కిరాణా కొట్లు రొయ్య ఏ దేశానిదో రాసి పెట్టాలి, హోటళ్లకి ఆ కేంద్ర నియమం వర్తించదు. అడిగితే అతను సిగ్గుపడి నవ్వాడు. నాకు కోపం రావాల్సింది కానీ, పెట్టెని పట్టుకుని ఫోటో తీసి మావయ్యకి పంపాను.

ఎందుకంటే అందులో ఉన్నది వనామీ జాతి రొయ్య. ఆంధ్ర చెరువుల్లో ఇప్పుడు దాదాపు అంతా అదే. 1990ల్లో తెల్లమచ్చ తెగులొచ్చి టైగరు రొయ్య మా వాళ్ల కొంపలు ముంచాక, 2009లో ప్రభుత్వం వనామీకి తలుపు తీసింది. ఆ తర్వాత పదేళ్లలో పశ్చిమ గోదావరి రూపురేఖలే మారిపోయాయి. 2023-24లో భారతదేశం నుంచి అమెరికాకి దాదాపు 3 లక్షల టన్నుల గడ్డకట్టిన రొయ్య వెళ్లింది, అందులో పెద్ద వాటా ఆంధ్రదే. ఇంతకీ ఈ వనామీ పుట్టిల్లు ఎక్కడ? పసిఫిక్ తీరం, ఉత్తరాన సొనోరా నుంచి దక్షిణాన పెరూ దాకా. ఫీనిక్స్‌కి నాలుగ్గంటల దూరంలో మొదలయ్యే నీళ్లు దాని సొంత ఊరు. అక్కడి జాతి భీమవరం చెరువులో మేత తిని, ఏరేటర్ల గాలి పీల్చి పెరిగి, తల తీయించుకుని, ఓడెక్కి తన పుట్టింటి గుమ్మం దాకా తిరిగొచ్చింది. మెనూలో గ్వాయ్మస్ అని రాసినవాడు అబద్ధమే ఆడాడు. కొన్ని తరాలు వెనక్కెళ్తే అంత అబద్ధం కాదు.

ఆ పళ్లెంలో నిమ్మకాయ కథ దీనికి తిరగేసినది. అమెరికన్ సూపర్ మార్కెట్లో దొరికే పెద్ద, గింజలేని పచ్చ నిమ్మ కాదు, మెక్సికన్ కొట్లలో దొరికే చిన్న, పల్చటి తొక్క, గింజల నిమ్మ. చేత్తో నలిపి వాసన చూడండి, గూడూరు మార్కెట్లో ఉన్నట్టుంటుంది. అది మన నిమ్మే. ఆసియా నుంచి అరబ్బుల చేతుల మీదుగా స్పెయిన్‌కీ, స్పెయిన్‌వాళ్ల ఓడల్లో మెక్సికోకీ వెళ్లింది. అలా రొయ్య వాళ్లది, నిమ్మ మనది, మిరప మళ్లీ వాళ్లది. వీటిలో దేన్ని పట్టుకుని దూరం కొలవాలో ఆ గుంటూరు కుర్రాడే చెప్పాలి.

దగ్గరది అయితే పుణ్యం, దూరందైతే పాపం అనుకునేవాళ్లూ ఉన్నారు. మా ఆఫీసులో తెల్లవాళ్లు కొందరు "నేను పెన్యాస్కో వెళ్లి ఐసుపెట్టెలో తెచ్చుకుంటా, దిగుమతి సరుకు ముట్టను" అంటారు. ఆ సింధుశాఖ పైకొసలో వకీటా అనే, డాల్ఫిన్ లాంటి చిన్న సముద్రపు పంది ఉంది, లోకంలో ఇంకెక్కడా లేదు. ఇప్పుడు మిగిలినవి పది అటూ ఇటూ. తొతొవాబా చేపకీ రొయ్యకీ వేసే, మొప్పలు చిక్కుకునే గిల్‌నెట్ వలల్లో చిక్కుకుని చచ్చిపోతూ వచ్చాయి. ఆ వలలతో ఆ నీళ్లలో పట్టిన రొయ్యా చేపా దిగుమతి కాకుండా 2018లో అమెరికా కోర్టు ఆపించింది. 2021లో తాబేళ్ల రక్షణ పరికరాలు సరిగా వాడటం లేదని మెక్సికో సముద్రపు రొయ్యకి కొన్ని నెలలు తలుపు మూసేశారు. మరి మా వైపు? మా మావయ్య చెరువు పక్కన పదేళ్ల క్రితం దాకా వరి పండేది. ఉప్పునీరు ఊరి ఆ ఎకరాల్లో ఇప్పుడు గడ్డి కూడా సరిగా మొలవదు. ఆ పొలం వాళ్లు మా బంధువులే, పెళ్లిళ్లలో మా వైపు చూడరు. ఈ సంగతి నేను రొయ్య తినేటప్పుడు ప్రతిసారీ గుర్తు చేసుకుంటానని చెప్తే అబద్ధమవుతుంది.

2025 ఆగస్టులో అమెరికా భారత సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఆ వారమే మావయ్య ఫోను. కంపెనీవాళ్లు కౌంటుకి, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకి, రేటు తగ్గించేశారని, పట్టుబడి ఆపాలో పట్టేసి వచ్చిందే చాలనుకోవాలో తెలియట్లేదని. "అక్కడ మీ హోటలోళ్లు తినడం మానేశారేంట్రా?" అన్నాడు. లేదు మావయ్యా, ఆదివారం అరగంట బయట నిలబడ్డాం అన్నాను. ఆయనకది ఓదార్పో కోపమో తెలియలేదు.

అంతకు ముందేడు అత్తయ్యతో కలిసి ఆయన ఇక్కడికొచ్చారు. గ్రాండ్ కాన్యన్ చూపించాను, "లోతుగా ఉంది" అన్నారు. మర్నాడు మెక్‌డవెల్ రోడ్డుకి తీసుకెళ్లాను. అత్తయ్య పచ్చివి చూడగానే కుర్చీ వెనక్కి జరుపుకుంది. మావయ్య మాత్రం పళ్లెం దగ్గరకి లాక్కుని, ఒక రొయ్యని తోక పట్టుకుని లేపి, వెలుతురుకి పెట్టి చూశారు. వేళ్లతో నొక్కారు. వాసన చూశారు. పక్క బల్లవాళ్లు మాటలాపి మమ్మల్నే చూస్తున్నారు.

"ముప్పై కౌంటు. ఐసు బాగా తగిలిన సరుకే" అని నోట్లో వేసుకున్నారు. చిల్తెపీన్ తగిలి కళ్లు ఎర్రబడ్డాయి, నీళ్లు తాగలేదు.

వడ్డించే ఆవిడ నవ్వుతూ వచ్చి ఎలా ఉందని అడిగింది. మావయ్య నా వైపు తిరిగి, "వీళ్లు ఎంతకి కొంటున్నారో అడుగు" అన్నారు. నా వచ్చీరాని స్పానిష్‌లో అడిగాను. ఆవిడ వంటింట్లోకి కేకేసి కనుక్కుని పౌను ధర చెప్పింది. ఆయన ఫోను తీసి పౌన్లని కిలోలు చేశారు, డాలర్లని రూపాయలు చేశారు, కింద తను అమ్మిన రేటు వేసుకున్నారు. రెండు అంకెల్నీ కాసేపు అలా చూసి, ఫోను బోర్లా పెట్టి, "ఇంకో పళ్లెం చెప్పు" అన్నారు.